పసుపు కారుకి తీసిన దిష్టి

మునిర్కా, ఢిల్లీ
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

తమ్ముడు శీను నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, చిన్నుగాడూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నాన్న ఇంకా పొద్దున్నే స్కూలు బస్సుకి స్వెట్టర్ లేకుండానే వెళ్తున్నాడా? నేను పంపిన నీలం స్వెట్టర్ బీరువాలో దాచుకోవడానికి కాదని నా మాటగా చెప్పు.

ఇక్కడ చలి కాస్త తగ్గింది. మొన్నటిదాకా పొగమంచుకి ఎదురుగా ఉన్న మేడ కూడా కనిపించేది కాదు. ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసుకుంటే మూడోనాటికీ తడిగానే ఉండేవి. ఇప్పుడు మధ్యాహ్నం పూట ఎండ వస్తోంది, మేడ మీదకి వెళ్ళి కూర్చుంటున్నాను. తిండికి లోటేమీ లేదు. కింద ఇంట్లో ఉండే దీదీ క్యారేజీ పంపుతుంది. రాజ్మా, రోటీ అలవాటైపోయాయి. గోంగూర పచ్చడి మాత్రం అయిపోయింది, ఈసారి కారం కొంచెం ఎక్కువ వెయ్యమను. ఇక్కడి వంటలకి అమ్మ కారం సరిపోవడం లేదు.

ఉద్యోగం బాగానే ఉంది. గుర్‌గావ్‌లో మా ఆఫీసు పెద్ద పెద్ద కార్లు అద్దెకిస్తుంది, అమ్మకి తెలుసుగా. నేను వాటిని నడపను, కార్లు తీసుకునేవాళ్ళకి ఇన్సూరెన్స్ గురించి వివరిస్తానంతే, భయపడొద్దని చెప్పు. అందరూ మర్యాదగానే చూస్తారు. నేను బాగానే ఉన్నాను, రోజూ వేళకి తింటున్నాను.

అక్కా, ఇక్కడిదాకా అమ్మకి చదివి వినిపించు. తరవాతి పేజీలు నీకు మాత్రమే. అందుకే ఇంటికి కాకుండా నీ స్కూలు అడ్రసుకి పంపుతున్నాను. ఫోన్లో చెప్దామంటే అమ్మ పక్కనే ఉంటుంది, స్పీకర్ ఆన్ చెయ్యమంటుంది. "తిన్నావా నాన్నా" అని ఆవిడ అడగ్గానే నా నోట్లోంచి ఇంకేమీ రాదు.

నేను బాగా లేను అక్కా.

నా పని గురించి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. సివిల్స్ ప్రయత్నాలన్నీ అయిపోయాక ఏ మొహం పెట్టుకుని ఇంటికి రానని ఇక్కడే ఉండిపోయాను కదా, అప్పుడు దొరికిన పని ఇది. ఒక్కరోజుకి స్పోర్ట్స్ కారు తీసుకునే వాళ్ళు ఎవరో తెలుసా? పెళ్ళికొడుకులు, పుట్టినరోజు కుర్రాళ్ళు, ఆ కారు పక్కన నిలబడి వీడియో తీసుకుని సాయంత్రానికి తిరిగిచ్చేసే వాళ్ళు. తాళం చేతికిచ్చే ముందు వాళ్ళని కూర్చోబెట్టి షరతులు చెప్పడం నా పని. అగ్రిమెంటులో పేరున్నవాళ్ళే నడపాలి, మందు తాగకూడదు, పందేలు కట్టకూడదు, టైర్లూ, అద్దాలూ, కారు అడుగుభాగమూ లెక్కలోకి రావు. ఇదంతా ఎవరూ వినరు. చివర్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇన్సూరెన్స్ హై నా?" నాదీ ఒకటే జవాబు: "ఫుల్ ఇన్సూరెన్స్ హై సర్." ఆ మాట వినగానే వాళ్ళ మొహంలో బెంగ పోతుంది. ఏమైనా జరిగితే ఎవరో చూసుకుంటారు, మనకేం కాదు అనుకుంటారు. నేనూ అదే అనుకునేవాడిని, మేనేజర్ నేర్పినదే చెప్పేవాడిని.

పోయిన నెలాఖరున కంటోన్మెంటు నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తల్లీ కొడుకూ. ఆవిడ పేరు సత్యవతి, విజయనగరం దగ్గర పల్లె. భర్త అప్పలనాయుడు గారు సైన్యంలో నాయబ్ సుబేదారు. ఉద్యోగమంతా కొండల్లో ఆర్మీ లారీలు నడిపిన మనిషి, ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. కొడుకు కిరణ్ ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో, యూనిట్ గేటు నుంచి ఇంటిదాకా తండ్రిని స్పోర్ట్స్ కారులో తీసుకెళ్ళాలని ముచ్చటపడ్డాడు. ఆ పిల్లాడికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబులన్నీ హిందీలోనే. "పాపా నే జిందగీభర్ ట్రక్ చలాయా హై. ఏక్ దిన్ తో రాజా బన్‌కే బైఠేం" అన్నాడు. జీవితమంతా లారీ నడిపిన నాన్న ఒక్కరోజైనా రాజాలా కూర్చోవాలట.

వాళ్ళు ఎంచుకున్న పసుపు రంగు కారులో ఇద్దరికే చోటు. మరి మీరెలా వస్తారని ఆవిడనడిగాను.

"నాను ఆటోలో ఎనకాల వస్తాను బాబూ. అందులో కూకున్న ఆయన ఎలాగున్నారో నాకు కనపడాల కదా," అంది. మొదట ఆంటీ అని పిలిచాను. "ఆంటీ ఏటి, పిన్నీ అను" అని కసిరింది. అక్కా, ఈ ఊళ్ళో నన్ను ఎవరైనా కసిరి ఎన్నాళ్ళయిందో నీకు తెలియదు. నేను ఆ గొంతుకే పడిపోయాను.

కారు చూసి వెళ్ళిపోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "ఆయన కూకునే బండి, దిష్టి తియ్యకుండా ఎలాగ? ఇక్కడ బూడిద గుమ్మడికాయ దొరుకుతాదా?" అనడిగింది. కిరణ్ సిగ్గుపడి, వదిలెయ్యమన్నట్టు, "మమ్మీ, ఛోడో నా" అన్నాడు. నేనే ఉత్సాహపడ్డాను. నాకు తెలిసిన చోటుంది, నేనే తెస్తానన్నాను. "అయితే రెండు తే బాబూ. ఒకటి దిష్టికి, ఇంకోటి వడియాలకి," అంది. మునిర్కాలో కూరగాయల భయ్యా దగ్గర రెండు మంచి కాయలు ఏరి, సంచిలో వేసుకుని, మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళాను. పక్కనున్నవాళ్ళు నవ్వుతూ చూశారు. నాకు మాత్రం పండగలా ఉంది.

నాయుడు గారు రిటైరయ్యే రోజు పొద్దున పది గంటలకి మా యార్డులో పూజ. ఆ రోజు మేనేజర్ ఇంకా రాలేదు. ఆవిడ కారుకి పసుపు రాసి బొట్టు పెట్టబోతే రంగు పాడవుతుందేమోనని నేనే ఆపి, అద్దం మూల చిన్న బొట్టు పెట్టించాను. చూడు ఎంత జాగ్రత్తో! చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాము. గుమ్మడికాయ చుట్టూ తిప్పి, కర్పూరం వెలిగించి, కారు ముందు నేలకేసి కొట్టాం. లోపలి కుంకుమ, గుజ్జు, గింజలు అన్నీ సిమెంటు మీద పరుచుకున్నాయి. కిరణ్ లోపల కూర్చుని బండి కదిపాడు. నేను నాయుడు గారికి చూపిద్దామని ఫోన్లో వీడియో తీస్తున్నాను.

దసరాకి నాన్న బస్సు ముందు గుమ్మడికాయ కొట్టాక ఏం చేసేవాడో నీకు గుర్తుంది కదా? చీపురు పట్టుకుని తనే గుజ్జంతా పక్కకి ఊడ్చి, నీళ్ళు పోసి, మట్టి చల్లేవాడు. అప్పటిదాకా బండి కదిపేవాడు కాదు. మనిద్దరం బస్సెక్కాలని గోల పెడితే "జారుద్ది రా, ఆగండి" అని అరిచేవాడు. డ్రైవరు కొడుకుని నేను, నాకది తెలియదా? ఆ క్షణాన తట్టలేదు. నా కళ్ళు ఫోన్లో ఉన్నాయి.

ఆ కార్లకి వెనక చక్రాల్లో ఎంత బలముంటుందో చెప్తే నువ్వు నమ్మవు. పిల్లాడు కాలు గట్టిగా నొక్కలేదు, నేను చూశాను. ముందు చక్రాలు గుజ్జు దాటాయి, వెనక చక్రాలు దాని మీదకొచ్చి గిర్రున తిరిగాయి. కారు అమాంతం పక్కకి తిరిగి, వెళ్ళి గేటు స్తంభానికి కొట్టుకుంది. ముందు భాగం, ఒక దీపం, ఒక పక్క తలుపు నుజ్జయ్యాయి. లోపల ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. పిన్ని చేతిలో హారతి పళ్ళెం వదిలేసి పరిగెత్తింది. కిరణ్‌కి ఏమీ కాలేదు, మోచేయి గీసుకుందంతే. ఆవిడ వాడి మొహమంతా తడిమి తడిమి చూసుకుని, "నా బిడ్డ మీద దిష్టంతా బండి మీద పోయింది," అని ఏడుస్తూ దణ్ణం పెట్టుకుంది.

తరవాత నా వైపు తిరిగి అడిగింది. "ఇన్సూరెన్సు ఉంది కదా బాబూ?"

"ఉంది పిన్నీ. ఫుల్ ఇన్సూరెన్స్. మీరేం గాబరా పడకండి," అన్నాను. నమ్మే చెప్పాను అక్కా. ఆ సమయానికి నేనూ నమ్ముతూనే ఉన్నాను.

అక్కడ యూనిట్ గేటు దగ్గర నాయుడు గారు మెడలో దండలతో చాలాసేపు నిలబడ్డారట. కొడుకు వస్తాడని చెప్పారు గానీ దేన్లో వస్తాడో చెప్పలేదు కదా. చివరికి యూనిట్ వాళ్ళే లారీలో ఇంటి దగ్గర దింపారట. ఆయన ఉద్యోగమంతా నడిపిన లారీ లాంటి లారీలోనే.

మధ్యాహ్నానికి మేనేజర్ వచ్చాడు. క్లెయిమ్ కాగితాలు తియ్యనా సర్ అనడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "కౌన్ సా క్లెయిమ్? ప్లేట్ దేఖా హై?" అన్నాడు, నంబరు పలక చూశావా అని.

నువ్వు టీచరువి, ఇది నీకూ తెలిసి ఉండదు, విను. అద్దెకిచ్చి నడుపుకోమనే కారుకి నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలుండాలి. మా దగ్గర మామూలు కార్లన్నిటికీ అలాగే ఉంటాయి. ఈ పసుపు కారుకి తెల్ల పలక. అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేయించిన బండి. ఎవరో డబ్బున్నాయన కొనుక్కుని, ఊరికే ఉంచడమెందుకని మా ఆఫీసుకి ఇచ్చాడు. పాలసీ ఉంది, ఫుల్లే, అది అబద్ధం కాదు. కానీ అది ఆయన సొంతంగా తిరగడానికి తీసుకున్న పాలసీ. అద్దెకి తిప్పిన కారుకి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ దమ్మిడీ ఇవ్వదు. కాబట్టి ఆ కారు తీసుకున్న ఎవ్వరికీ, ఏనాడూ, ఏ ఇన్సూరెన్సూ లేదు. ఆ తెల్ల పలకని రోజూ పొద్దున గుడ్డ పెట్టి తుడిచేది నేనే. దాని అర్థం ఏమిటని ఒక్కసారైనా నాకు అనుమానం రాలేదు.

మేనేజర్ అరవలేదు. టీ తెప్పించి, కాగితం ముందు పెట్టాడు. పూజలు చెయ్యకూడదని మేము చెప్పినా వినకుండా, నేను లేని సమయంలో కస్టమర్లు గుమ్మడికాయ కొట్టారని, షరతులన్నీ ముందే వివరించామని నేను సంతకం పెట్టాలి. అప్పుడు రిపేరు ఖర్చంతా ఆ కుటుంబం మీద పడుతుంది. పెట్టకపోతే అనుమతిచ్చినవాడిని నేను కాబట్టి ఆ ఖర్చు నాది, ఉద్యోగమూ ఉండదు. "శ్రీనివాస్ జీ, సైన్ కర్ దో, బాత్ ఖతమ్" అన్నాడు, తలనొప్పి మాత్ర వేసుకోమన్నంత తేలిగ్గా.

రేపు చెప్తానన్నాను. తిరిగి వస్తుంటే మెట్రోలో స్టేషను దాటిపోయినా తెలియలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి నాయుడు గారు ఆఫీసులో కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూడడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, కుర్చీ అంచున నిటారుగా. ముందురోజు సాయంత్రమే మేనేజర్ ఫోన్ చేసి, ఇన్సూరెన్సు రాదని, వాళ్ళు కట్టకపోతే ఖర్చు నా మీద పడుతుందని చెప్పాడట. అప్పటికే అంతా అయిపోయింది. ఖర్చంతా తామే కడతామని, గుమ్మడికాయ తామే తెచ్చుకున్నామని, ఎవర్నీ అడగకుండా కొట్టామని, ఆఫీసు కుర్రాడికి దీంతో సంబంధం లేదని తన చేత్తో రాసి ఇచ్చేశారు. రిటైరైన డబ్బులో పెద్ద ముక్క దానికే పోతుంది. ఆ డబ్బుతో ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకుందామనుకున్నారని పిన్ని ముందే చెప్పింది.

ఆయన వెనకే బయటికి పరిగెత్తాను. మీరు కట్టక్కర్లేదు నాయుడు గారూ, ఆ కారు అద్దెకివ్వడమే తప్పు, కేసంటే వీళ్ళే భయపడతారు అని గబగబా చెప్పేశాను.

"తెలుసు బాబూ. తెలిసిన వకీలు సెప్పినాడు," అన్నారాయన నెమ్మదిగా. "కేసంటే బండి నడిపినోడి పేరు ముందొస్తాది. పిల్లాడికి పోలీసు ఎరిఫికేషన్ ఉంది, ఆర్మీకి సెలక్టయినాడు. ఇప్పుడు కోర్టులెంట తిరగ్గలడేటి?"

"మరి గుమ్మడికాయ తెచ్చింది నేను కదండీ. అది అబద్ధం రాశారు."

"నానైతే రిటైరైపోనాను. నీకింకా ఉద్దోగం కావాల," అని నా భుజం తట్టి, మెట్రో వైపు నడిచి వెళ్ళిపోయారు. ఆయన్ని నేను ఆపలేకపోయాను.

అక్కా, నన్ను తినేస్తున్నది ఏమిటో చెప్తాను. ఆ పొద్దున నేను సంతకం పెట్టేవాడినా, పెట్టేవాడిని కాదా? నాకు తెలియదు. మెట్రో దిగి ఆఫీసు మెట్లెక్కేదాకా తేల్చుకోలేకపోయాను. పెట్టేవాడిని కాదని నీకు రాయాలని ఎంతో ఉంది. రాయలేను. ఆ పెద్దాయన నాకు ఆ అవసరమే లేకుండా చేసేశారు. నేను ఎలాంటివాడినో నాకే ఇక ఎప్పటికీ తెలియదు.

ఉద్యోగం నిలిచింది. పోయిన గురువారం ఒక కుర్రాడు వచ్చాడు, పెళ్ళి ఊరేగింపుకి కారు కావాలట. మా దగ్గర అలాంటిదే ఎర్రది ఇంకోటి ఉంది, దానికీ తెల్ల పలకే. అన్నీ విని "ఇన్సూరెన్స్ హై నా భయ్యా?" అన్నాడు. అతన్ని తీసుకెళ్ళి పలక చూపించి, ఏమైనా జరిగితే నీకు ఎవరూ ఏమీ ఇవ్వరని చెప్పేశాను. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మేనేజర్ అద్దాల గదిలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ మర్నాటి నుంచి తాళాలు తన దగ్గరే పెట్టుకుంటున్నాడు. కొత్తగా చేరిన అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టి పని నేర్పమన్నాడు. అంటే ఏమిటో నాకు తెలుసు.

ఏం చెయ్యను చెప్పు? ఈ ఉద్యోగం నాయుడు గారు తన ఇంటి డబ్బు పోసి కొనిచ్చినది. దీన్ని వదిలేస్తే ఆయన పెట్టినదంతా బూడిదలో పోసినట్టే. పట్టుకుని వేలాడాలంటే ఇంకొకరి పిల్లాడికి రోజూ ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని చెప్పాలి. రెండిట్లో ఏది చేసినా ఆయన మొహం చూడలేను. ఇంటికి రమ్మని నువ్వు అంటావు. వచ్చి ఏం చెప్పను, నాన్న పక్కన బస్సులో కూర్చుని? నాన్న ముందు గుమ్మడికాయ మాట మాత్రం ఎత్తకు. ఒక్క ముక్క వింటే చాలు, ఆయనకి మొత్తం అర్థమైపోతుంది.

నిన్న సాయంత్రం కిరణ్ మునిర్కా వచ్చాడు. గది వెతుక్కుంటూ వచ్చి, చేతిలో స్టీలు డబ్బా పెట్టాడు. "మమ్మీ నే భేజా హై. ఆప్‌కీ అమ్మా కే లియే," అన్నాడు. వాళ్ళు క్వార్టరు ఖాళీ చేస్తున్నారట. సొంతిల్లు లేదు కాబట్టి ఊళ్ళో పిన్ని అన్నగారింట్లో దిగుతారట. డబ్బా మూత తీశాను. గుమ్మడి వడియాలు. నేను ఏరి తెచ్చిన రెండో కాయవి. క్వార్టర్ల మేడ మీద, ఈ నీరసపు ఎండలో, అన్ని రోజులు ఓపిగ్గా ఎండబెట్టి చేసింది. నాకేదో పెట్టాలని కూడా కాదు, మా అమ్మకట.

నా వల్ల కాలేదు అక్కా, ఒక్కటి కూడా నోట పెట్టలేకపోయాను. డబ్బా అలాగే మూసి ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో పంపుతున్నాను. డబ్బా మాత్రం జాగ్రత్తగా ఉంచు, వాళ్ళ ఊరి అడ్రసు కనుక్కుని తిరిగివ్వాలి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదంటుంది కదా అమ్మ. అందులో ఏం పెట్టి పంపాలో నాకు తోచడం లేదు, నువ్వు ఆలోచించు.

బావగారికి నమస్కారాలు చెప్పు. చిన్నుగాడికి ముద్దులు. అమ్మా నాన్నల పాదాలకి నా తరఫున నువ్వు దణ్ణం పెట్టు, ఊరికే పెట్టాలనిపించి పెట్టానని చెప్పు. నన్ను దీవించమని వాళ్ళని అడగకు, ఈసారికి నువ్వొక్కదానివే దీవించు.

ఈ చివరి నాలుగు మాటలూ అమ్మకి వినిపించు. అమ్మా, వడియాలు నూనెలో వేయించుకుని పప్పుచారులో నంజుకోండి. నేనిక్కడ తిన్నాను, చాలా బాగున్నాయి. ఎవరిచ్చారంటావా, ఇక్కడ మనవాళ్ళు ఒక పిన్నిగారున్నారు. నన్ను బాగా చూసుకున్నారు.

ఇట్లు నీ తమ్ముడు,
శీను